చాయ్ పైసలు... ఎందాక కానుక? ఎక్కడి నుంచి లంచం?

మంచిర్యాల: యాసంగి వరి పొట్ట దశలో ఉన్నప్పుడు బోరు మోటారు కాలిపోతే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. మెకానిక్ వస్తాడు. గొలుసు కప్పీ కట్టి పైపులు ఒక్కొక్కటిగా పైకి లాగుతాడు. మోటారును పట్టణానికి పంపి, కొత్త వైండింగ్ వేయించి, మరునాటి సాయంత్రానికి మళ్లీ బోరులోకి దించుతాడు. నీళ్లు ధారగా పడగానే రైతు ముఖం వికసిస్తుంది. మాట్లాడుకున్న కూలి లెక్క చూసి ఇచ్చాక, పైన మరో వంద నోటు చేతిలో పెడతాడు. ‘‘చాయ్ తాగుండ్రి అన్నా’’ అంటాడు.

కడెం కాలువ చివరి ఆయకట్టులో ఉన్న ఊళ్లకు, కాలువ అందక బోర్ల మీద బతికే మండలాలకు ఈ దృశ్యం కొత్త కాదు. ఆ వంద నోటులో తప్పేమీ లేదు. కష్టం చూసి ఇచ్చినది, అడగకుండా ఇచ్చినది, పని అయిన తర్వాత ఇచ్చినది.

అయితే అదే వంద నోటు, అదే ‘చాయ్’ మాటతో, మరో ఇద్దరి చేతికి కూడా వెళ్తుంది. ఇంటికి వచ్చి ఫ్రిజ్ బాగుచేసే కంపెనీ టెక్నీషియన్ ఒకరు. స్తంభమెక్కి తెగిన తీగను కలిపే విద్యుత్ ఉద్యోగి మరొకరు. ముగ్గురూ నైపుణ్యం గల పనివారే. ముగ్గురూ చెమటోడ్చేవారే. ఇచ్చేవాడి మనసులో ముగ్గురికీ భేదం లేదు. కాని తీసుకునేవారి విషయంలో చట్టం ముగ్గురినీ మూడు విధాలుగా చూస్తుంది. మొదటివానికి అది సంపాదన. రెండోవానికి యజమాని నియమాలకు లోబడిన విషయం. మూడోవానికి జైలుకు దారి తీయగల నేరం. ఈ తేడా తెలియక ఇచ్చేవారు, తెలిసీ తీసుకునేవారు ఇద్దరూ ఉన్నారు.

మామూలు అన్న మాటకు మూలం

పై పైసలకు తెలంగాణ పల్లెల్లో ఉన్నన్ని పేర్లు మరి దేనికీ లేవేమో! చాయ్ పైసలు, ఖుషీ, ఇనాం, బక్షీస్, దావత్, మామూలు. వీటిలో చాలా వరకు పారసీ, అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చినవే. బక్షీస్ అంటే దయతో ఇచ్చినది. ఇనాం అంటే మెచ్చి ఇచ్చినది. ‘మామూలు’ మాటకు అసలు అర్థం ‘ఎప్పుడూ జరిగేది, వాడుకలో ఉన్నది’ అని మాత్రమే. దస్తూరీ అన్న పాత మాట కూడా అంతే, దస్తూరు అంటే రివాజు.

ఇక్కడే గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఇనాం, బక్షీస్ అనే మాటలు ఇచ్చేవాడి మనసును చెబుతాయి. మామూలు, దస్తూరీ అనే మాటలు తీసుకునేవాడి హక్కును చెబుతాయి. ఒకసారి ఖుషీగా ఇచ్చినది రెండోసారి గుర్తు చేస్తే వస్తుంది, మూడోసారి ఇవ్వకపోతే అడుగుతారు. ఆ తర్వాత అది రేటు అవుతుంది. మెప్పు మామూలుగా మారే ఈ ప్రయాణానికి ఏళ్లు పట్టనక్కరలేదు, ఒక వ్యవసాయ సీజను చాలు. నిజాం కాలంలో దర్బారుకు వెళ్లేవారు నజరానా సమర్పించుకోవడం రివాజు. ఆ అలవాటు కింది కచేరీల దాకా పాకిందని పెద్దలు చెప్పుకునేవారు. మంచిర్యాల ఉన్న పాత ఆదిలాబాద్ జిల్లా 1948 వరకు ఆ సంస్థానంలోనిదే.

నాగలి లెక్కన గింజలు

మరమ్మతు పనికి పైసలు ఇవ్వడం పల్లెకు అంత పాత అలవాటేమీ కాదు. నాగలి విరిగితే వడ్లాయన, కర్రు మొండిబారితే కమ్మరి చూసుకునేవారు. ప్రతి పనికీ విడివిడిగా కూలి లేదు. కల్లం అయినప్పుడు ఇంటికి ఇన్ని నాగళ్లన్న లెక్కతో గింజలు కొలిచి ఇచ్చేవారు. సామాజిక శాస్త్రవేత్త ఎస్.సి.దూబే హైదరాబాద్ సమీపంలోని శామీర్‌పేటను 1950ల ఆరంభంలో పరిశీలించి, 1955లో వెలువరించిన పుస్తకంలో ఇలాంటి వృత్తుల సంబంధాలను వివరంగా రాశారు.

ఆ ఏర్పాటును తలచుకుని మురిసిపోవలసిన పని లేదు. కొలిచే చెయ్యి ఆసామిది, పట్టే దోసిలి పనివానిది. కరువు వస్తే ముందు తగ్గేది పనివాని వాటాయే. అయినా అందులో ఒక సౌలభ్యం ఉండేది. మరమ్మతు అవసరమైన రోజున రైతు చేతిలో పైసా లేకపోయినా పని ఆగేది కాదు. పెళ్లికో పండుగకో ఇచ్చే బట్టలు, దసరాకు ఇచ్చే ఇనాం ఏడాది పొడవునా చేసిన పనికి గుర్తింపు. పని చేయించుకోవడానికి ముందుగా కట్టే రుసుము కాదు.

బోర్లు, మోటార్లు వచ్చాక ఆ లెక్క పోయింది. పని రోజునే రొక్కం ఇవ్వాలి. కూలి ఎంతో తేల్చుకునే బాధ్యత ఇద్దరి మీదా పడింది. పై పైసల చిక్కు కూడా అక్కడే మొదలైంది.

‘మీకు తోచింది ఇయ్యుండ్రి’

సొంత దుకాణం ఉన్న మెకానిక్‌కు ఖుషీగా ఇచ్చే సొమ్ము విషయంలో ఏ చట్టమూ అడ్డు రాదు. ఆయన ఎవరి ఉద్యోగీ కాడు. తన పనికి తానే ధర నిర్ణయించుకుంటాడు. అందుకే పాత మర్యాద ఒకటి ఉంది. దుకాణం ఓనరుకు పై పైసలు ఇవ్వరు, ఆయన వెంట వచ్చిన హెల్పర్‌కు ఇస్తారు. ఓనరుకు కూలి చాలకపోతే కూలే పెంచుకోవచ్చు. బురదలో దిగి పైపులు పట్టిన పిల్లవానికి ఆ అవకాశం లేదు. వానికి దక్కేది రోజు కూలి మాత్రమే. ఐటీఐ చదివి పని నేర్చుకోవడానికి చేరిన కుర్రాళ్లకైతే మొదటి ఏడాది ఆ చాయ్ పైసలే చేతి ఖర్చు. ఓనరుకు ఇచ్చేటప్పుడు ‘పిల్లగానికి ఇయ్యి’ అని కలిపి ఇస్తే అది పిల్లగానికి చేరుతుందన్న హామీ లేదు. ఇవ్వదలచినవారు నేరుగా వాని చేతికే ఇవ్వడం మంచిది.

అసలు ఇబ్బంది మరోచోట ఉంది. ఎంత అని అడిగితే చాలా మంది మెకానిక్‌లు సూటిగా చెప్పరు. ‘‘మీకు తోచింది ఇయ్యుండ్రి పటేలా’’ అంటారు. వినడానికి ఎంతో వినయంగా ఉంటుంది. కాని ఆ మాటలో ధర లేదు. ఉన్నవాడు తన హోదాకు తగ్గట్టు ఎక్కువ ఇస్తాడు. లేనివాడు తక్కువిస్తే ఏమనుకుంటారోనన్న బెరుకుతో చేబదులు తెచ్చి ఇస్తాడు. తక్కువ ఇచ్చినవాని బాయి దగ్గరకు మళ్లీ పిలిస్తే ఆలస్యంగా వస్తారన్న భయం కూడా ఉంటుంది. చెప్పని ధర వల్ల మెకానిక్‌కు కూడా నష్టమే. మంచి పనివాడికి అందే మెప్పు ఎంతో, కూలి ఎంతో వేరుగా తెలియదు.

వైండింగ్ పనిలో లెక్క కట్టగల అంశాలు చాలానే ఉన్నాయి. మోటారు ఎన్ని హెచ్‌పీ, పాత రాగి తీగ ఎన్ని కిలోలు దిగింది, కొత్తది ఎన్ని కిలోలు పట్టింది, బేరింగులు మార్చారా, బుష్‌లు మార్చారా, మోటారు ఎన్ని అడుగుల లోతు నుంచి తీశారు... ఇవన్నీ చీటీ మీద రాయదగినవే. దిగిన పాత రాగి ఎవరిదన్న ప్రశ్న కూడా ముందే తేల్చుకోవాలి. దానికి అంగడిలో ధర ఉంది. చాలా చోట్ల రైతు దాన్ని అడగడమే మరచిపోతాడు. ఆ రాగి విలువ ముందు వంద రూపాయల చాయ్ పైసలు ఏపాటివి?

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, చేసిన సేవకు బిల్లు లేదా రసీదు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటి. రసీదు ఉంటే వారం తిరగకుండా మోటారు మళ్లీ కాలినప్పుడు అడిగే ఆధారం ఉంటుంది. ఖుషీగా ఇచ్చిన దానికి రసీదు ఉండదు, ఉండనక్కరలేదు. కాని కూలి మొత్తాన్నే ఖుషీ పేరుతో ఇస్తే ఆ ఆధారం కూడా పోయినట్టే.

ఫోనుకు వచ్చే నంబరు

రెండో రకం పనివారు కంపెనీల తరఫున వచ్చే టెక్నీషియన్లు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఏసీ, టీవీ కొన్నవారు వారంటీ కాలంలో ఫిర్యాదు చేస్తే కంపెనీ పంపే మనిషి వస్తాడు. చాలా సందర్భాల్లో ఆయన కంపెనీ ఉద్యోగి కాడు, కంపెనీతో ఒప్పందం ఉన్న సర్వీస్ సెంటర్ మనిషి. పల్లెకు రావడానికి పోవడానికి బండి పెట్రోలు ఆయనకు భారమే. ఒక్కో ఫిర్యాదుకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే చోట ఆయన పరిస్థితి మరీ కష్టం. ఇది తెలిసిన గృహిణి మంచినీళ్లిచ్చి, చాయ్ పోసి, వెళ్లేటప్పుడు వంద రూపాయలిస్తే దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కొన్ని కంపెనీల నియమాలు మాత్రం అది కూడా తీసుకోవద్దంటాయి. ఆ నియమం ఉన్నచోట టెక్నీషియన్ వద్దంటే బలవంతం చేయకూడదు. ఆయన ఉద్యోగానికే ముప్పు.

పని పూర్తయ్యాక వినియోగదారు ఫోనుకు ఒక నంబరు వస్తుంది. తృప్తి కలిగితేనే ఆ నంబరు చెప్పాలి. చెబితేనే ఫిర్యాదు ముగిసినట్టు నమోదవుతుంది. ఆ నంబరు అసలు ప్రయోజనం అదే. కాని పని కాకముందే ‘నంబరు చెప్పండమ్మా, విడిభాగం రేపు తెస్తా’ అంటే చెప్పరాదు. చెప్పాక ఆ ఫిర్యాదు కంపెనీ లెక్కలో లేనట్టే. అలాగే వారంటీలో ఉచితంగా చేయవలసిన పనికి డబ్బు అడిగితే అది మెప్పు కాదు, బిల్లు లేని వసూలు. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రూ.5 లక్షల లోపు విలువ గల ఫిర్యాదుకు రుసుము కూడా లేదు.

ఉద్యోగికి కొనుగోలుదారు ఇచ్చే పై సొమ్ము జీతమా కాదా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హోటల్ సిబ్బందికి అతిథులు ఇచ్చే టిప్పులు యజమాని ఇచ్చే జీతం కిందకు రావని, కనుక వాటిపై జీతానికి మినహాయించినట్టు పన్ను మినహాయించే బాధ్యత యజమానికి లేదని ఐటీసీ కేసులో 2016 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. తీసుకున్నవారి చేతిలో మాత్రం అది ఆదాయమే. ఇచ్చేవానికీ తీసుకునేవానికీ మధ్య సంబంధమే తప్ప యజమానికి అందులో పాత్ర లేదన్నది దాని సారం.

ఇందులో యజమానికి ఒక లాభం కూడా ఉంది. జనం పైన ఇస్తారు కదా అని జీతం తక్కువ పెట్టవచ్చు. ఈ వాదన అమెరికాలో వందేళ్ల కిందటే చెలరేగింది. వాషింగ్టన్ రాష్ట్రం 1909లో టిప్పులను నిషేధించింది. మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. అమలు చేయలేక 1926 నాటికి అన్నీ ఆ చట్టాలను ఎత్తివేశాయి. బ్రిటన్ మరో దారి ఎంచుకుంది. జనం ఇచ్చినది యజమాని మింగకుండా పనివారికే చేరాలని 2023లో చట్టం చేసి, 2024 అక్టోబరు 1 నుంచి అమలులో పెట్టింది. మన దేశంలో 2025 మే నెలలో మరో వివాదం వచ్చింది. వాహనం త్వరగా రావాలంటే ముందే టిప్పు ఇవ్వమని యాప్‌లో అడగడంపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఉబర్‌కు నోటీసు ఇచ్చింది. పని తర్వాత ఇచ్చేది మెప్పు, పనికి ముందు అడిగేది ధర అన్న తేడా మీదే ఆ వివాదమంతా నడిచింది.

స్తంభమెక్కే చెయ్యి

మూడో రకం దగ్గర విషయం పూర్తిగా మారిపోతుంది. విద్యుత్ పంపిణీ సంస్థ ప్రభుత్వ కంపెనీ. మంచిర్యాల జిల్లాకు వరంగల్ కేంద్రంగా పనిచేసే ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ కరెంటు సరఫరా చేస్తోంది. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. అదీ ప్రభుత్వ కంపెనీయే. ఇలాంటి సంస్థల ఉద్యోగులు అవినీతి నిరోధక చట్టం దృష్టిలో ప్రజా సేవకులు. తీగ కలిపే లైన్‌మన్ అయినా, కాలనీ క్వార్టరులో స్విచ్ బోర్డు మార్చే ఎలక్ట్రీషియన్ అయినా, కార్యాలయంలో సంతకం పెట్టే అధికారితో సమానంగానే చట్టం చూస్తుంది.

1988 నాటి ఆ చట్టాన్ని 2018లో సవరించారు. జీతం, సంస్థ అనుమతించిన ఇతర చెల్లింపులు తప్ప మరే ప్రతిఫలం తీసుకున్నా అది ‘అనుచిత ప్రయోజనం’. అది డబ్బే కానక్కరలేదు, డబ్బుతో విలువ కట్టగలిగేదే కానక్కరలేదు. ఇంత మొత్తం దాటితేనే నేరమన్న కనీస పరిమితి సెక్షన్ 7లో లేదు. ఇంకా ముఖ్యమైనది సెక్షన్ 7కు జోడించిన వివరణ. పని సక్రమంగానే చేసినా, అందులో ఏ లోపమూ లేకపోయినా, అనుచిత ప్రయోజనం తీసుకోవడమే నేరం. శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల వరకు ఉండవచ్చు. మామూలు రేషన్ కార్డు దరఖాస్తును సమయానికి చూడటానికి రూ.5 వేలు అడిగిన ఉద్యోగిని ఆ చట్టమే ఉదాహరణగా చూపింది.

‘నేను అడగలేదు, వాళ్లే ఇచ్చారు’ అనేది తరచూ వినిపించే మాట. ఆ మాటకు సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022 డిసెంబరు 15న ఇచ్చిన తీర్పు సమాధానం చెప్పింది. ఆ కేసు కూడా కరెంటు పనికి సంబంధించినదే. దుకాణానికి మీటరు బిగించడానికి రూ.10 వేలు తీసుకున్నారని ఢిల్లీ విద్యుత్ బోర్డు ఉద్యోగిని ఒకరిపై వచ్చిన ఆరోపణ అది. సాక్ష్యం చెప్పకముందే ఫిర్యాదుదారు మరణించారు. పరిస్థితులను బట్టి కూడా లంచం అడిగిన సంగతిని రుజువు చేయవచ్చని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఇచ్చేవాడు తనంత తానుగా ఇవ్వజూపగా ఉద్యోగి తీసుకుంటే, ముందుగా అడిగినట్టు రుజువు కాకపోయినా అది సెక్షన్ 7 కింద ‘స్వీకరణ’ అవుతుందని కూడా స్పష్టం చేసింది. ఈ సూత్రాల వెలుగులో సాక్ష్యాలను పరిశీలించిన ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం 2023 మార్చిలో ఆ ఉద్యోగినిని నిర్దోషిగా విడుదల చేసింది. రుజువు విషయంలో కోర్టు సడలింపు ఇవ్వలేదు. తీసుకోవడం విషయంలోనూ సడలింపు లేదు.

నడి వానలో, ఉరుముల మధ్య వచ్చి తీగ కలిపిన మనిషికి వంద రూపాయలు ఇస్తే మూడేళ్ల జైలా అని ఎవరికైనా అనిపిస్తుంది. అలా అనిపించడంలో తప్పు లేదు. విద్యుత్ పనివారి కష్టం తక్కువదేమీ కాదు. ఏళ్ల తరబడి కాంట్రాక్టు కింద పనిచేసినవారిని తెలంగాణ వచ్చాక ఆర్టిజన్లుగా సంస్థల్లోకి తీసుకున్నారు. అంతకుముందు చాలా మంది బతుకు ఆ చాయ్ పైసల మీదే నడిచింది. పనిలో ప్రాణాలు పోయినవారూ ఉన్నారు. ఆ కష్టానికి జీతం, భద్రత, బీమా ఇవ్వవలసింది సంస్థ. ఆ భారాన్ని రైతు జేబుకు మార్చితే ఏమవుతుందో ట్రాన్స్‌ఫార్మర్ గద్దె దగ్గర చూడాలి.

గద్దె దగ్గర చందా

పొలాల్లో 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద అయిదు హెచ్‌పీ మోటార్లు నాలుగైదుకు మించి నడిస్తే అది వేడెక్కుతుంది. అనధికార మోటారు ఒకటి తోడైనా, కెపాసిటర్లు లేకపోయినా భారం పెరుగుతుంది. కాలిపోయిన రోజున ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న అందరి మడులూ ఒకేసారి ఎండుతాయి. అప్పుడు రైతులు కూడబలుక్కుని చందా వేస్తారు. కాలినది దించడానికి మనుషులకు కూలి, మండల కేంద్రానికి ట్రాక్టరు కిరాయి, వచ్చినవారికి దావత్, చాయ్ పైసలు. పది మందిలో ఇద్దరి దగ్గర ఆ రోజు పైసలు ఉండవు. మిగిలినవారు వారి వాటా వేసుకుంటారు, లేదా వేసుకోరు. చందా పూర్తయ్యే దాకా పని కదలదన్న భావన ఊళ్లో స్థిరపడిపోయింది. ఎవరూ నోటితో అడగనక్కరలేదు. గత ఏడు ఎంత అయిందో అందరికీ తెలుసు.

దీనివల్ల జరిగే అసలు నష్టం డబ్బు కాదు. చిన్న ఫ్యూజు పోయినప్పుడు మళ్లీ పిలిస్తే మళ్లీ ఇవ్వాలి కదా అనుకునే రైతు తానే గద్దె ఎక్కుతాడు. ఏబీ స్విచ్ దించానని నమ్ముతాడు. తుప్పు పట్టిన స్విచ్‌లో మూడు బ్లేడ్లలో ఒకటి విడివడకపోతే 11 వేల వోల్టులు అలాగే ఉంటాయి. ఆ సంగతి కింద నిలబడి చూస్తే చీకట్లో తెలియదు. లైన్ క్లియర్ తీసుకోకుండా, చేతికి గ్లవ్స్ లేకుండా, ఎర్తింగ్ రాడ్ తగిలించకుండా పైకి చెయ్యి పెట్టినవారు తిరిగి దిగని ఉదంతాలు ఉత్తర తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. కొన్ని ఊళ్లలో లైన్‌మన్ బదులు స్తంభమెక్కే ప్రైవేటు కుర్రాళ్లు ఉంటారు. వారికి ఇచ్చేది కూడా చాయ్ పైసలే. ప్రమాదం జరిగితే ఆ కుర్రాడు ఏ రిజిస్టరులోనూ ఉండడు.

ఉచిత విద్యుత్తు 2004లో వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల సరఫరా ప్రకటించారు. కరెంటుకు బిల్లు లేని రైతు, కరెంటు ఆగినప్పుడు మాత్రం బిల్లు లేని ఖర్చు పెట్టుకుంటున్నాడు.

గడువు ఎవరిది?

నిజానికి మరమ్మతుకు గడువు ఎప్పుడో నిర్ణయమైంది. ఉమ్మడి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2004లోనే పంపిణీ సంస్థలు పాటించవలసిన సేవా ప్రమాణాలను ప్రకటించింది. ఫ్యూజు పోయిన ఫిర్యాదును పట్టణాల్లో 4 గంటల్లో, గ్రామాల్లో 12 గంటల్లో సరిచేయాలి. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టణాల్లో 24 గంటల్లో, గ్రామాల్లో 48 గంటల్లో మార్చాలి. గడువు దాటితే వినియోగదారుకు పరిహారం కూడా ఉంది. తెలంగాణ ఏర్పడ్డాక ఇక్కడి నియంత్రణ మండలి 2016లో ఈ ప్రమాణాలపై కొత్త నిబంధనలు ఇచ్చింది. ఈ గడువులు తెలిసిన రైతులు ఊరికి ఎందరుంటారు? చందా వేసేటప్పుడు ‘త్వరగా చేయించడానికి’ అంటారు. ఎంత త్వరగా చేయాలో నిబంధన ముందే చెప్పిందని తెలిస్తే ఆ మాట అనరు.

ఇచ్చేవారి మీద కూడా బాధ్యత ఉంది. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే, సెక్షన్ 8 ప్రకారం ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. బలవంతంగా ఇవ్వవలసి వస్తే ఏడు రోజుల్లోగా పోలీసులకు గాని, ఏసీబీకి గాని తెలియజేస్తే ఆ నేరం అంటదు. అడిగినప్పుడే ముందుగా ఏసీబీకి చెప్పి, వారి సూచన మేరకు ఇచ్చినవారికీ రక్షణ ఉంది. ఏసీబీ ఉచిత ఫోన్ నంబరు 1064.

మరి కష్టపడి పని చేసిన ప్రభుత్వ ఉద్యోగిని మెచ్చుకోవడానికి దారి లేదా? ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తన నియమాలు అప్పుడప్పుడు పెట్టే భోజనాన్ని, బండి మీద ఎక్కించుకోవడాన్ని, అలాంటి అతిథి మర్యాదలను కానుకగా పరిగణించలేదు. ఎండన పడి వచ్చిన మనిషికి మంచినీళ్లు, చాయ్ ఇవ్వడం ఎవరూ కాదనలేని మర్యాద. అది నిజంగా చాయ్ అయినంత వరకు! అంతకు మించి ఇవ్వాలనిపిస్తే పేరు, తేదీ, చేసిన పని రాసి ఏఈకి గాని డీఈకి గాని ఒక ఉత్తరం ఇవ్వవచ్చు. ఊరి తరఫున గ్రామ పంచాయతీ లెటర్‌హెడ్‌పై ఇస్తే మరీ మంచిది. వంద నోటు ఆ సాయంత్రానికే ఖర్చవుతుంది. ఉత్తరం మాత్రం సర్వీసు కాగితాల్లో ఉండిపోతుంది.

కరెంటు ఫిర్యాదుకు 1912 నంబరుకు ఫోన్ చేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడు లైన్‌మన్‌కు చెప్పి ఊరుకోవడం ఊళ్లలో అలవాటు. అలా చెప్పినది ఎక్కడా నమోదు కాకపోవచ్చు. 1912లో ఫిర్యాదు ఇచ్చినప్పుడు నమోదు సంఖ్యను అడిగి తీసుకుని, సమయంతో సహా రాసి పెట్టుకోవాలి. గడువు దాటిందని నిరూపించాలన్నా, పరిహారం అడగాలన్నా, విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లాలన్నా చేతిలో ఉండవలసిన కాగితం అదే.